సున్నా కోసం ఆడిన మనిషి

ఫుట్‌బాల్‌ని ‘సాకర్’ అన్నవాళ్లు ఎవరైనా సరే, మా కోచ్ ముందు గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్ పరుగెత్తాల్సిందే. పిల్లలకే కాదు, పెద్దలకీ అదే శిక్ష. నేను పరుగెత్తాను. మా ఆయన రవి ఆఫీసు బూట్లతో పరుగెత్తాడు. ఒకసారి గ్రౌండ్ పరిశీలించడానికి టౌన్‌షిప్ ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషికి కూడా కోచ్ అలాగే వేలితో గ్రౌండ్ చుట్టూ దారి చూపించారు. ఆ పెద్దమనిషి జోక్ అనుకుని నవ్వాడు. కోచ్ నవ్వలేదు. అన్నేళ్లు అమెరికాలో బతికి కూడా, అమెరికావాళ్లు ఆ ఆటకు పెట్టుకున్న పేరును ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు.

ఈ వసంతంలో ఆయన పోయారు. మా అమ్మాయి మేఘన కాలేజీ నుంచి ఫోన్ చేసి చెప్పింది. దానికి పాత టీమ్ అమ్మాయిలెవరో మెసేజ్ పెట్టారట. “అమ్మా, కోచ్ ఈజ్ గాన్” అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. “ఇవాళ క్లాస్‌లో ఒకడు సాకర్ అన్నాడు. నేను వాణ్ని కరెక్ట్ చేశాను. చాలా లౌడ్‌గా” అంది.

ఆయన స్కాట్లండ్‌లో ప్రొఫెషనల్‌గా ఆడిన మనిషి. డిఫెండర్. గోల్ కొట్టడం ఆయన పని కాదు, ఎదుటివాళ్లు కొట్టకుండా చూడటం ఆయన పని. అయినా ఆయన్ని చూస్తే ఆటగాడని ఎవరూ అనుకోరు. ఆయన ముక్కు కొంతదూరం ఎడమకు వెళ్లి, అక్కడ మనసు మార్చుకుని కుడికి తిరిగేది. మంచు పడుతున్నా మోకాళ్లపై నిక్కరే. పార్కింగ్ లాట్‌లో నిలబడి నాతో మాట్లాడుతూ కూడా నా భుజం మీదుగా ఎటో చూస్తుండేవారు. ఇదేం మర్యాద అని మొదట్లో ఒళ్లు మండేది. అడిగితే, “వెనక ఎవరున్నారో తెలియకుండా నిలబడటం నాకు రాదు” అన్నారు. హోటల్‌కి వెళ్తే గోడకు వీపు ఆనించి, తలుపు కనబడే కుర్చీ వెతుక్కునేవారు.

ఆయన ఫ్లాస్కులో పాలు పోసిన చిక్కటి టీ ఉండేది. ఐస్ వేసుకుని టీ తాగేవాళ్లను జబ్బుపడ్డవాళ్లను చూసినట్టు చూసేవారు. మా ఇద్దరికీ స్నేహం అక్కడే కుదిరింది.

అన్నిటికంటే విచిత్రం, ఆయన గోల్ చూడకపోవడం. మా పిల్లలు గోల్ కొడితే తల్లిదండ్రులందరం గెంతులేసేవాళ్లం. ఆయన మాత్రం అటు వీపు తిప్పేసి, మన డిఫెండర్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో చూసుకునేవారు. “అక్కడి పని అయిపోయింది. ఇక్కడి పని ఇప్పుడు మొదలవుతుంది” అనేవారు.

మేఘనను ఆయన దగ్గర చేర్చింది దాని తొమ్మిదో ఏట. అప్పుడు మేము పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. నేనొక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. రవి రైల్లో న్యూయార్క్ వెళ్లివచ్చేవాడు. మేఘన స్కూల్లో ఎవరితోనూ మాట్లాడదని టీచర్ కంప్లయింట్. ఏదో ఒక ఆటలో పెడితే నోరు విప్పుతుందని మా ఆశ. టౌన్‌లోని క్లబ్‌లో ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమ్ ఉంది. ఆ టీమ్‌కి కోచ్ ఈయన. పగలు స్కూల్ బస్సు నడిపి, సాయంత్రం వచ్చి పిల్లలకు ఆట నేర్పేవారు.

మొదటి రోజు ఆయన “కమాన్, లాసీస్!” అని కేకవేశారు. లాసీ అంటే వాళ్ల యాసలో అమ్మాయి. టీమ్‌లోని మన పిల్లలకు అది మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో తాగే లస్సీలా వినపడి, కడుపులు పట్టుకుని నవ్వారు. మేఘన నవ్వలేదు. నా కోటు వెనక దాక్కుని అందరినీ తొంగిచూస్తోంది. ఆయన మా దగ్గరికి వచ్చారు. నేను సంజాయిషీ చెప్పబోయాను.

“కొంచెం షై అండి. కొత్తవాళ్లంటే...”

ఆయన నన్ను ఆపి, అది నిలబడ్డ చోటును చూశారు. “అది చూడు. అందరూ దానికి కనిపిస్తున్నారు. అది ఎవరికీ కనిపించడం లేదు. దీన్నెవరూ మార్చకండి” అన్నారు. ఆ రోజే దాన్ని డిఫెండర్‌ని చేశారు. స్కూల్లో లోపం అన్నది ఇక్కడ ఉద్యోగం అయింది.

ఆ ఏడు మా అమ్మ అమలాపురం నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. సాయంత్రాలు మాతోపాటు గ్రౌండ్‌కి వచ్చి, మడత కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చునేది. కోచ్ ఎవరు ఏమడిగినా అవునని చెప్పడానికి ‘ఆయ్’ అనేవారు. అది వాళ్ల స్కాట్లండ్ మాట. అమ్మ ఒకటికి రెండుసార్లు చెవి ఒగ్గి విని, నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

“ఒసేయ్, ఈయన మన కోనసీమాయనేనే! ఆయ్ అంటున్నాడు, వినపడట్లేదా?”

నేను వివరించేలోపే లేచి ఆయన దగ్గరికి వెళ్లిపోయింది.

“బాబూ, పిల్ల బొత్తిగా సన్నంగా ఉంటదండి. కాస్త చూసుకోండి.”

“ఆయ్” అన్నారు కోచ్, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

“అన్నం సరిగ్గా తినదండి. ఆ బ్రెడ్డు ముక్కలే.”

“ఆయ్.”

“మీరైనా గట్టిగా చెప్పండి.”

“ఆయ్, ఆయ్.”

అమ్మ తృప్తిగా వచ్చి కూర్చుంది. “ఎంత మర్యాదో చూడు. మీ ఆయన ఎప్పుడైనా అలా అన్నాడా నాతో?”

మేఘన ఆడుతుంటే అమ్మ ఊరుకునేది కాదు. “వెనక్కి రావే! అదిగో, పోతంది, వదలకే!” అని అరిచేది. ఆ మాటలు కోచ్‌ని పట్టుకున్నాయి. నన్ను పిలిచి వాటి అర్థాలు అడిగారు. తర్వాతి మ్యాచ్ నుంచి ఆయనే “వెనక్కీ! వడలకే!” అని కేకలు మొదలుపెట్టారు. ఆ ‘ద’ ఆయన నోట్లో ఎన్నడూ పలకలేదు. వడలెందుకురా మధ్యలో అని అమ్మ ఒకటే నవ్వు. టీమ్‌లో మన పిల్లలు నలుగురే అయినా, చైనా పిల్ల, కొలంబియా పిల్ల, తెల్లపిల్లలు అందరూ రెండు వారాల్లో ఆ మాటలు నేర్చేసుకున్నారు. ఎదుటి టీమ్‌కి మాత్రం ఒక్కటీ అర్థమయ్యేది కాదు.

ఒక శనివారం అవతలి కోచ్‌కి కోపం వచ్చింది. రెఫరీ దగ్గరికి వెళ్లి, వీళ్లు ఏదో భాషలో సీక్రెట్‌గా మాట్లాడుకుంటున్నారు, అమెరికాలో ఇంగ్లీషులో ఆడమనండి అన్నాడు. మా వైపు తల్లిదండ్రులం గొంతులు తగ్గించేశాం. ఆ రోజుల్లో అలాంటి మాట వినగానే మాకు మెడ వంగిపోయేది. రెఫరీ వచ్చి కోచ్‌ని అడిగాడు.

“ఏం భాష అది?”

“గేలిక్” అన్నారు కోచ్, కన్ను కూడా ఆర్పకుండా. “మా తాతముత్తాతల భాష. ఏం, నా భాష మాట్లాడొద్దా?”

రెఫరీ భుజాలెగరేశాడు. వెళ్లిపోయాడు. వాడు అటు తిరగ్గానే కోచ్ మా వైపు చూసి, గ్రౌండ్ దద్దరిల్లేలా “వడలకే!” అన్నారు. మేము కూడా అందుకున్నాం. అంత గట్టిగా నేను ఈ దేశంలో అంతకుముందు తెలుగు మాట్లాడలేదు.

ఆయన తన ఆట గురించి ఎప్పుడూ వరసగా చెప్పలేదు. టీ తాగుతూ ఒక ముక్క, పిల్లల కోసం ఎదురుచూస్తూ ఒక ముక్క. వాళ్లది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. పదహారో ఏటనే ఊరి క్లబ్‌లో చేరారు. గోల్‌కీపర్ బంతిని గట్టిగా పైకి తన్నితే, గాలి దాన్ని మళ్లీ అతని చేతుల్లోకే తెచ్చి పడేసే గ్రౌండట అది. పెద్ద లీగ్‌లోకి వాళ్ల క్లబ్ ఒకసారి ఎక్కి, మరుసటి ఏడే దిగిపోయింది. ఆయన మాత్రం ఆ క్లబ్ వదల్లేదు. జుట్టు పల్చబడుతున్న రోజుల్లో మేనేజర్ కారు అద్దం దించి, పార్కింగ్ స్థలంలోనే, “వచ్చే ఏడు నువ్వు అక్కర్లేదు” అన్నాడట. “అద్దం సగమే దించాడు. వాన పడుతోంది కదా మరి” అని ఆయన నవ్వారు. ఆ తర్వాత అమెరికాలో ఒక ఇండోర్ టీమ్ పిలిస్తే వచ్చారు. కార్పెట్ మీద ఆట. అదేమి ఆటో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు. ఆ టీమ్ మూతపడింది. ఈయన ఉండిపోయారు.

గొడవ మొదలైంది మేఘనకు పదకొండేళ్లప్పుడు. టీమ్‌లో కేటీ అని పొడుగు పిల్ల ఉండేది. ఒక మ్యాచ్ చివర్లో, గ్రౌండ్ మూల నుంచి కొట్టే కార్నర్ కిక్‌తో బంతి గాల్లో వచ్చింది. కేటీ ఎగిరి తలతో కొట్టింది. గోల్! మేము గెలిచాం. కేటీ వాళ్ల నాన్న కూతుర్ని భుజాల మీదికి ఎత్తుకోబోయాడు. కోచ్ పరుగెత్తుకెళ్లి ఆయన్ని తోసేసినంత పని చేసి, కేటీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. పేరేమిటి, ఇవాళ ఏ వారం, మన గోల్‌కీపర్ ఎవరు అని అడుగుతున్నారు. పిల్ల బిత్తరపోయి జవాబులు చెప్తోంది. ఆయన లేచి, అందరికీ వినపడేలా అన్నారు.

“ఈ రోజు నుంచి నా పిల్లలెవరూ బంతిని తలతో కొట్టరు. గోల్ అవనీ, కాకపోనీ. కొట్టినవాళ్లు బయట కూర్చుంటారు.”

అప్పట్లో అలాంటి మాట ఎవరూ అనేవాళ్లు కాదు. ఆటలో అదొక భాగం, అంతే. మా పిల్లలు తల తప్పించడం చూసి ప్రతి టీమూ బంతిని గాల్లోనే పంపడం మొదలుపెట్టింది. వరసగా ఓడిపోయాం. తల్లిదండ్రులు గొణిగారు. క్లబ్ ప్రెసిడెంట్ స్కూల్ కెఫెటీరియాలో మీటింగ్ పెట్టాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. తన క్లబ్ గెలవాలనుకునే మనిషి, అంతే.

“కార్నర్ వచ్చిన ప్రతిసారీ గోల్ ఇస్తున్నాం. నువ్వు ప్రొఫెషనల్‌వి. నీ కెరీర్ అంతా తలతోనే కదా ఆడావు?” అన్నాడు ప్రెసిడెంట్.

“ఆయ్” అన్నారు కోచ్. “అందుకే చెప్తున్నాను.”

అప్పుడు చెప్పారు. వాళ్ల క్లబ్‌లో ప్రేక్షకుల స్టాండ్ కింద దూలానికి తాడుతో బంతి వేలాడదీసేవారట. తోలు బంతి. వానకు నానితే ఇటుకలా ఉండేది. డిఫెండర్లు పొద్దున్నే వచ్చి దాన్ని నుదుటితో కొడుతూ ఉండాలి. కళ్ల ముందు చుక్కలు కనిపిస్తే అది బలం వస్తున్నట్టు గుర్తు అని చెప్పేవారట. ఆయనకు ముందు ఆ చోట ఆడినవాళ్లు ముగ్గురున్నారు. ఆయనకు ఆట నేర్పినవాళ్లు వాళ్లే. ఒకాయన యాభై నిండకుండానే భార్యను చూసి, ఈవిడెవరో మంచావిడ, రోజూ వచ్చి అన్నం పెడుతోంది అన్నాడట. రెండో ఆయన తన ఇంటికి దారి మర్చిపోయాడు. మూడో ఆయన గురించి ఆయన చెప్పలేదు.

రవి చెయ్యెత్తాడు. అతనికి ఏదైనా లెక్కగా ఉండాలి.

“కోచ్, దీనికి మెడికల్ స్టడీ ఏమైనా ఉందా? ఐ మీన్, ప్రూఫ్?”

“నా దగ్గర స్టడీ లేదు. స్నేహితులున్నారు” అన్నారు ఆయన.

ప్రెసిడెంట్ గొంతు తగ్గించి, చాలా మర్యాదగా, రూల్స్‌లో ఉన్న ఆటను ఉన్నట్టు నేర్పించు, లేకపోతే వేరే కోచ్‌ని చూసుకుంటాం అన్నాడు. కోచ్ లేచారు. క్లబ్ పేరున్న జాకెట్ విప్పి, మడతపెట్టి బల్ల మీద పెట్టారు. మెడలో విజిల్ మాత్రం తీయలేదు. ప్రెసిడెంట్ దాని వైపు చూస్తే, “ఇది నాదే” అన్నారు. బయట గడ్డకట్టే చలి. ఆయన పలచటి చొక్కాతో పార్కింగ్ లాట్ దాటి వెళ్లిపోతుంటే కిటికీలోంచి అందరం చూశాం.

మరుసటి వారమంతా ఫోన్లు. తెలిసిన తెలుగువాళ్లు మంచికోరే చెప్పారు. “అనవసరంగా పాలిటిక్స్‌లో దిగుతున్నారండి. హైస్కూల్ టీమ్‌కి వెళ్లాలన్నా, కాలేజ్ అప్లికేషన్‌కైనా ఆ క్లబ్ పేరు ఎంత హెల్పో తెలుసా? ఆయనకేం, బస్సు నడుపుకుంటాడు.” రవి కూడా ఊగిసలాడాడు. గ్రీన్ కార్డ్ నడుస్తోంది, ఎవరితోనూ గొడవలొద్దు అన్నది ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రతి విషయానికీ జవాబు. భోజనాల దగ్గర ఈ మాటలన్నీ విని, మేఘన పళ్లెం పక్కకు జరిపింది.

“కోచ్ కరెక్ట్ ఆ, కాదా?” అంది.

“కరెక్టే కావచ్చు. కానీ...” అన్నాడు రవి.

“అయితే నేను ఆయనతో ఆడతాను. దట్స్ ఇట్.”

ఎవరితోనూ మాట్లాడదని టీచర్ చెప్పిన పిల్ల అది.

తొమ్మిది మంది పిల్లలు కోచ్‌తో వచ్చారు. కేటీ కూడా వచ్చింది. వాళ్ల నాన్న మొదట చాలా అరిచి, తర్వాత తనే కారులో దింపాడు. ఆటకు పదకొండు మంది కావాలి. మాకు తొమ్మిదే. క్లబ్ యూనిఫారాలు తిరిగిచ్చేశాం. పక్క ఊరు ఎడిసన్‌లో చీరలకొట్టు పక్కనున్న ప్రింట్ షాపులో పసుపు టీషర్టులు కొట్టించాం. గిడ్డంగుల వెనక పట్టించుకోని గ్రౌండ్ ఒకటి దొరికింది. బంతి తన్నేముందు గులకరాళ్లు ఏరుకోవాలి. మేనేజర్‌గా ఎవరూ ముందుకు రాకపోతే నేనే అయ్యాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా దాని పేరు సాకర్ కాదని.

తల వాడకుండా గాల్లో బంతిని ఎలా ఆపాలో ఆయన ఆ చలికాలమంతా నేర్పారు. బంతి కోసం ఎగరొద్దు, అది దిగే చోటును ముందే ఆక్రమించు. ఛాతీ పెట్టు, తొడ పెట్టు. ఎదుటి పిల్ల ఎగరడానికి నేల లేకుండా చెయ్యి. తన జీవితమంతా చేసిన ఆటను విప్పి, దాంట్లోంచి తలను తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ కుడుతున్నట్టు ఉండేది. కొన్నిసార్లు ఆయనే దారి తోచక గ్రౌండ్ మధ్యలో నిలబడిపోయేవారు. అలాంటప్పుడు పిల్లలే ఏదో ఒకటి చెప్పేవాళ్లు. ఆయన చేసి చూసేవారు.

మొదట్లో చిత్తుగా ఓడాం. తర్వాత కొంచెం తక్కువగా ఓడాం. రెండో ఏడు, ఆకులు రాలే కాలంలో, పాత క్లబ్‌తో మ్యాచ్ పడింది.

వాళ్లు పదకొండు మంది, మెరిసే నీలం యూనిఫారాలు. మేము తొమ్మిది మంది, ఉతికి ఉతికి వెలిసిన పసుపు చొక్కాలు. ఆట మొదలైన క్షణం నుంచి బంతి మా వైపే ఉంది. ఒకదాని తర్వాత ఒకటి కార్నర్లు. కోచ్ గ్రౌండ్ బయటి గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. కేకలు లేవు. మా పిల్లలే ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. “వెనక్కి, వెనక్కి!” అని కొలంబియా పిల్ల అరుస్తోంది. మేఘన అందరి వెనక నిలబడి, ఎవరు ఎటు వెళ్లాలో చేత్తో చూపిస్తోంది. అది అలా చెయ్యెత్తి ఒకరికి ఆజ్ఞ ఇవ్వడం నేను ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

చివరి నిమిషాల్లో ఇంకో కార్నర్. బంతి గాల్లో తేలి వచ్చింది. గోల్‌కీపర్ జారిపడింది. గోల్ ఖాళీ. నీలం చొక్కా పిల్ల ఎగిరి తలతో కొట్టింది. బంతి సూటిగా లోపలికి. మేఘన అప్పటికే గోల్ గీత మీద ఉంది. ఛాతీకి తగిలిన చప్పుడు మాకు వినిపించింది. అది కూలబడింది. కేటీ ఆ బంతిని గిడ్డంగుల వైపు తన్నేసింది. విజిల్ మోగింది.

సున్నా, సున్నా.

అవతలి తల్లిదండ్రులు పిల్లల్ని దగ్గరికి తీసుకుని ఓదారుస్తున్నారు. మా వైపు అందరం గ్రౌండ్ మీద పడ్డాం. రవి కేటీ వాళ్ల నాన్నను కావలించుకుని గిరగిరా తిరిగాడు. ఒక్క గోల్ లేదు, ఒక్క గెలుపు లేదు, వీళ్లకేం పట్టిందని నీలం చొక్కా వాళ్లు చూస్తున్నారు. మేఘన లేచి, ఛాతీ రుద్దుకుంటూ కోచ్ దగ్గరికి వెళ్లింది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టారు. గట్టిగా కాదు, గుడ్డు మీద పెట్టినట్టు.

ప్రెసిడెంట్ వచ్చి చెయ్యి అందించాడు. “మా గోల్ మీదికి మీవాళ్లు ఒక్క షాట్ కూడా కొట్టలేదు” అన్నాడు.

“ఆయ్. మీరు?”

“లెక్కలేనన్ని.”

“ఎన్ని లోపలికి వెళ్లాయి?”

కోచ్ ఫ్లాస్కు మూత తిప్పి, మొదటి కప్పు టీ ప్రెసిడెంట్‌కే పోసిచ్చారు.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు. మేఘన హైస్కూల్ టీమ్‌కి, ఏ క్లబ్ పేరూ లేకుండానే, వెళ్లింది. అక్కడా తలతో కొట్టనని ముందే చెప్పింది. ఆ కోచ్ మొదట విసుక్కుని, తర్వాత అలవాటుపడ్డాడు. మా కోచ్ వేరే చిన్నపిల్లల్ని పట్టుకుని అదే గ్రౌండ్‌లో కొనసాగారు. నెలకోసారి ఓక్ ట్రీ రోడ్డులో కలిసి దోశ తినేవాళ్లం. ఆయన తలుపు కనబడే కుర్చీ, నేను గోడ కనబడే కుర్చీ.

ఒకరోజు, దోశ మధ్యలో, ఆయన మేఘన ఏ కాలేజీకి అప్లై చేస్తోందని అడిగారు. చెప్పాను. కాసేపటికి మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను. మూడోసారి అడుగుతూ మధ్యలో ఆగి, నా ముఖం చూశారు.

“ఇందాక అడిగానా?”

నేను అబద్ధం చెప్పలేకపోయాను.

“వచ్చిందన్నమాట” అన్నారు, బస్సు వచ్చిందన్నట్టు. “ఆ ముఖం పెట్టకు. చట్నీ ఇటివ్వు.”

డాక్టర్లు కూడా కొన్నాళ్లకు అదే చెప్పారు. బస్సు నడపడం ఆపించారు. ఆయన నడిచి గ్రౌండ్‌కి వెళ్లడం మొదలుపెట్టారు. మాటలు జారిపోతున్నాయి కాబట్టి, ఉన్నప్పుడే చెప్పేయాలన్నట్టు, ఆ రోజుల్లో తన ఆట గురించి ఎక్కువగా చెప్పేవారు. ఒక మధ్యాహ్నం, గోల్స్ కొట్టడంలో దేశమంతా పేరున్న ఒక స్ట్రయికర్‌ను ఆపే పని ఆయనకు పడిందట. ఆట ముగిసేదాకా నీడలా ఉన్నారు. అతనికి ఒక్క గోల్ రాలేదు. మర్నాడు పేపర్ కొని చూస్తే, అతనికి ఒంట్లో బాగాలేదేమోనని రాశారట.

“మీ పేరు?”

“లేదు. ఎక్కడా లేదు” అంటూ పసిపిల్లాడిలా నవ్వారు. “అంతకంటే బాగా నేనెప్పుడూ ఆడలేదు.”

అప్పుడడిగాను. చాలా రోజులుగా అడగాలనుకున్న మాట. “ఇలా అవుతుందని ముందే తెలిస్తే ఆ బంతుల్ని తలతో కొట్టేవారా?”

“ప్రతి ఒక్కటీ” అన్నారు, ఆలోచించకుండా. “ఒక్కటి వదిలేవాణ్ని కాదు.”

నాకు కోపమొచ్చింది. “మరి మా పిల్లల్ని ఎందుకు ఆపారు? అంత గొడవ ఎందుకు పడ్డారు?”

“నా తల నాది. ఇవ్వాలనుకున్నాను, ఇచ్చాను. పదకొండేళ్ల పిల్లను ఇవ్వమని అడగడానికి నేనెవర్ని?” అని, దోశ ముక్క తుంచుకుని, తలుపు వైపు చూస్తూ తిన్నారు.

తర్వాత ఆయన్ని పిస్కాటవేలోనే ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చారు. ఆయనకు ఇక్కడ బంధువులు లేరు. పాత టీమ్ వాళ్లం మా నంబర్లు ఇచ్చాం. తలుపులు తాళం వేసే చోటది. ఎలా బయటపడేవారో తెలియదు, తప్పించుకునేవారు. ఎదుటివాళ్ల కన్ను ఎప్పుడు ఎటు తిరుగుతుందో కనిపెట్టి బతికిన మనిషి.

పోయిన ఏడు వేసవి ముగుస్తుండగా, ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. ఆయన మళ్లీ కనిపించడం లేదు. నేను ల్యాబ్ నుంచి సూటిగా దగ్గర్లోని పార్కుకి డ్రైవ్ చేశాను. అక్కడే ఉన్నారు. ఇంట్లో వేసుకునే చెప్పులు, ఆస్పత్రి పైజామా. ఏడెనిమిదేళ్ల పిల్లలు ప్రాక్టీస్ చేసుకుంటుంటే, వాళ్ల మధ్యకు వెళ్లిపోయి అడ్డుగోడ నిలబెడుతున్నారు. ఫ్రీ కిక్ కొట్టేటప్పుడు గోల్ ముందు డిఫెండర్లు భుజం భుజం కలిపి నిలబడతారే, ఆ గోడ. పిల్లల చేతులు పట్టుకుని, ముఖాలకు అడ్డంగా పెట్టి, ఒక్కొక్కరినీ సర్దుతున్నారు. వాళ్ల కోచ్, ఒక కాలేజీ అమ్మాయి, నన్ను చూసి పరుగున వచ్చింది.

“మీ ఫాదరా? వెళ్లమన్నాను. వినలేదు. కానీ... పిల్లలు ఆయన చెప్పింది వింటున్నారు.”

సంరక్షణ కేంద్రం వ్యాన్ కూడా వచ్చి ఆగింది. నర్స్ దిగి మా వైపు వస్తోంది. నేను ఆయన దగ్గరికి వెళ్లి, “కోచ్, వెళ్దాం రండి” అన్నాను.

ఆయన నన్ను చూశారు. నేనెవరో తెలియలేదు. పేరు కోసం వెతుకుతున్నట్టు కూడా లేదు. కానీ ఆయన కళ్లు నా మీంచి గోడ మీదికి, గోడలో చివరి పిల్ల పక్కన ఉన్న జాగా మీదికి వెళ్లాయి.

“నువ్వు. అక్కడ ఖాళీ ఉంది” అన్నారు.

నా మెడలో ఆఫీస్ బ్యాడ్జ్, కాళ్లకు ఎత్తు మడమల బూట్లు. వెళ్లి నిలబడ్డాను. ఆయన వచ్చి నా చేతులెత్తి ముఖానికి అడ్డంగా పెట్టారు. భుజం పట్టుకుని పక్కపిల్ల వైపు జరిపారు. పిల్ల నా వైపు చూసి నవ్వింది. అవతల ఒక బొద్దు పిల్లాడు బంతి పెట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు.

“కదలొద్దు” అన్నారు కోచ్.

వాడు పరుగెత్తుకొచ్చి తన్నాడు. వాడి వయసుకు ఆ దెబ్బ చాలా ఎక్కువ. బంతి వచ్చి నా తుంటి ఎముకకు తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కదల్లేదు. బంతి దొర్లుకుంటూ పక్కకు పోయింది. గోడలోని పిల్లలంతా కేకలు వేశారు.

కోచ్ మెచ్చుకోలేదు. మా ముందుకు వచ్చి, గోడను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, నాకూ పక్కపిల్లకూ మధ్య పడ్డ చిన్న సందును చెప్పు కొనతో చూపించారు. నేను జరిగాను. నర్స్ గ్రౌండ్ గీత దగ్గర ఆగి, వాచీ చూసుకుని, ఇంకాసేపు కానివ్వమన్నట్టు నా వైపు చెయ్యి ఊపింది. బొద్దు పిల్లాడు మళ్లీ బంతి పెట్టుకుంటున్నాడు.

నేను భుజానికున్న బ్యాగ్ తీసి గడ్డి మీద పడేసి, మళ్లీ చేతులెత్తాను.